బానెట్ కింద పూరీ పిండి

మొన్న రాయదుర్గంలో ఆఫీసు నుంచి బయటపడి క్యాబ్ ఎక్కబోతుంటే, డ్రైవరు ముందు వైపు బానెట్ ఎత్తి అందులోంచి తన టిఫిన్ డబ్బా తీశాడు. కరెంటు కారు. ఇంజన్ ఉండాల్సిన చోట ఖాళీ గూడు, అందులో ఓ నీళ్ల సీసా, మడతపెట్టిన తువ్వాలు. "ఇంత ఖాళీ ఉంటుందా బాబూ?" అని అడిగాను. "మస్తు జాగ ఉంటది మేడమ్, బియ్యం మూట గూడ పడతది" అన్నాడు గర్వంగా. నాకు నవ్వాగలేదు. కొన్నేళ్ల కిందట ప్రగతి నగర్‌లో మా బాబాయి ఇంటి ముందు, బానెట్ కింద వేలెడు చోటు కోసం మేమంతా పడ్డ పాట్లు గుర్తొచ్చాయి మరి.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. కాకినాడలో ఉద్యోగం చేసే రోజుల్లో, పెళ్లయిన కొత్తలో, ఒక తెల్ల కారు కొన్నాడు. హైదరాబాద్‌కి బదిలీ అయినప్పుడు సామానంతా లారీలో వస్తే, ఆయనా పిన్నీ మాత్రం ఆ కారులోనే వచ్చారు. దాని పక్కన తీయించుకున్న పాత ఫొటో ఒకటి వాళ్ల హాల్లో ఉంటుంది. పిన్ని బానెట్ మీద చెయ్యి వేసి, సిగ్గుతో బాబాయి వంక చూడలేక కారు వంకే చూస్తూ ఉంటుంది. "ఈ ఫొటోలో పెళ్లికొడుకు కారే, నేను తోడిపెళ్లికొడుకుని" అని బాబాయి వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. బాబాయి షష్టిపూర్తికి పిన్ని చీరలడగలేదు, నగలడగలేదు. ఆ కారులోనే ఫంక్షన్ హాలుకి వెళ్లాలి, మళ్లీ అలాగే ఫొటో తీయించుకోవాలి అంది. ఎప్పుడూ నోరు విప్పి ఏదీ అడగని మనిషి అడిగింది కదా, బాబాయికి ఆ వారమంతా వేరే ధ్యాస లేదు.

సరిగ్గా అప్పుడే కార్బ్యురేటర్ మొండికేసింది. పెట్రోలూ గాలీ కలిపి ఇంజన్‌కి అందించాల్సింది పోయి, పెట్రోలంతా నేల మీదికి వదలడం మొదలుపెట్టింది. అంత పాత కారుకి కొత్తది ఎక్కడా దొరకలేదు. శేరిలింగంపల్లి నుంచి వచ్చే మెకానిక్కు, ఏళ్ల తరబడి ఆ కారుని చూస్తున్నవాడే, వేరే కారుది ఒకటి వెతికి తెచ్చి బిగించాడు. ఇంజన్ ఎంత కమ్మగా పలికిందంటే బాబాయి కళ్లు మూసుకుని తలూపాడు. తీరా చూస్తే అది పాతదాని కంటే ఎత్తు. దాని మీద ఎయిర్ క్లీనర్ కూర్చోవాలి. అచ్చం పిన్ని పోపుల డబ్బాలాగే ఉండే గుండ్రటి రేకు డబ్బా, నడుమ ఒక రెక్కల నట్టుతో. అది పెట్టాక బానెట్ మూస్తే మూతపడలేదు, వేలెడు సందు మిగిలిపోయింది.

"ఇగ ఒక్కటే తొవ్వ సార్. బానెట్‌కు ఇంత బొక్క కొట్టి, పైనుంచి టోపీ లెక్క రేకు పెడత. ఫికర్ చేయకుండ్రి, రేసు కారు లెక్క కొడతది" అన్నాడు మెకానిక్కు. అతను వేలు పెట్టి చూపించిన చోటు, ఫొటోలో పిన్ని చెయ్యి ఉన్న చోటే. గుమ్మంలో నిలబడ్డ పిన్ని లోపలికి వెళ్లిపోయింది. బాబాయి ముఖం చిన్నబోయింది. ఆఫీసులో సలహాలివ్వడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ డబ్బా తీసేస్తే పోలా అన్నాను. "తీస్తే ఈడి దుమ్మంత ఇంజనే తాగుతది మేడమ్" అన్నాడు. నా సలహా అక్కడితో సరి.

"ఎక్కడ తగులుతోందో చూడకుండా కోసేస్తే ఎలాగయ్యా? మూసేస్తే కనబడదాయె. మెత్తగా ఏదైనా పెట్టి మూసి చూద్దాం" అన్నాడు బాబాయి. మైనం కావాలన్నాడు మెకానిక్కు. ఇంట్లో మైనం లేదు. ఈ మాటలన్నీ వంటింట్లోంచి వింటూనే ఉన్నట్టుంది, పిన్ని రాత్రికని కలిపిన చపాతీ పిండి గిన్నెతో వచ్చింది. ముద్దలు చేసి డబ్బా మీద పెట్టి బానెట్ దించారు. పిండి మెత్తనై బానెట్‌కి అంటుకుంది, అక్కడినుంచి జారి వేడి ఇంజన్ మీద పడింది. కాసేపటికి వీధంతా చపాతీ కాలిన వాసన. "కాస్త నెయ్యి కూడా రాయవోయ్" అన్నాడు బాబాయి. పిన్ని ఆయన్ని ఓ చూపు చూసి, "పూరీ పిండైతే నిలుస్తుందండీ. ఉండండి, గట్టిగా కలుపుకొస్తాను" అంది.

ఈసారి బానెట్ లోపలి రేకుకి బొబ్బట్ల ఆకుకి రాసినట్టు నూనె రాసి, డబ్బా చుట్టూ అంచు మీద వేలెడుకి మించిన ఎత్తున ముద్దలు, నడుమ నట్టు మీద ఒక ముద్ద తనే పెట్టింది. బాబాయి ఒక వైపు, మెకానిక్కు ఒక వైపు పట్టుకుని, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా బానెట్ దించి, మళ్లీ ఎత్తారు. నలుగురం తలలు ఆనించి చూశాం. అంచు మీద ముద్దలు దాదాపు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నడుమ ముద్దలోంచి మాత్రం రెక్కల నట్టు పొడుచుకొచ్చి మెరుస్తోంది. డబ్బాకి చోటు చాలినంత ఉంది. బానెట్ లోపల అడ్డంగా ఉన్న పట్టీకి తగులుతున్నది ఆ నట్టొక్కటే.

ముందుగా నవ్వింది మెకానిక్కే. "గీ నట్టు కోసం బానెట్ కోద్దామనుకున్ననా నేను" అని తల గోక్కుంటూ, పైకి లేచిన బోల్టు కోసేసి చదును నట్టు బిగించాడు. ఇంకోసారి పిండి పెట్టి మూసి, నలిగిన ముద్దలో చీపురు పుల్ల గుచ్చి ఎంత మందం మిగిలిందో చూసి, ఇంజన్ ఊగినా తగలదని తేల్చాడు. బానెట్ టక్కుమని మూతపడింది. ఆ చప్పుడు కోసం పిన్ని మళ్లీ ఎత్తి తనే ఒకసారి మూసింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కారుకి తగలని పిండితో ఆ సాయంత్రం పూరీలు, బంగాళాదుంప కూర చేస్తే మెకానిక్కుతో సహా అందరం వరండాలో కూర్చుని తిన్నాం.

షష్టిపూర్తి ఫొటో నేనే తీశాను. పిన్ని చెయ్యి బానెట్ మీద సరిగ్గా అక్కడే ఉంది. ఈసారి బాబాయి కూడా కెమెరా వైపు చూడలేదు. ఇద్దరూ బానెట్‌నే చూస్తూ నవ్వుతున్నారు. ఇప్పటికీ ఆ బానెట్ ఎత్తితే ఒక మూల ఎండిపోయిన పిండి ముక్క కనిపిస్తుంది, పిన్ని దాన్ని ఎవరినీ గీకనివ్వదు. కొత్తవి వచ్చేకొద్దీ చోటు చాలదని, పాతవాటిని కోసేయక తప్పదని ఎన్నిసార్లు తొందరపడ్డామో. ఏళ్లు గడిచి తీరిగ్గా చూసుకుంటే, అడ్డం పడిందల్లా చాలాసార్లు ఒక్క నట్టే.