రసీదులో కింది లైను

అరబ్బు దేశంలో మేం పనిచేసే అల్ ఖువైర్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఒక పెద్దాయన రసీదు మీద వెంటనే సంతకం పెట్టనిచ్చేవాడు కాదు. ముందు కింది లైను బిగ్గరగా చదవమనేవాడు. తొంభైల చివర్లో మా కంపెనీ ల్యాప్‌టాప్ తెర మినుకుమినుకుమంటుంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పనివాళ్ల వివరాలన్నీ అందులోనే ఉండేవి.

"లోపలి సమాచారం పోతే మాకు బాధ్యత లేదు," అని చదివి పెన్ను తీశాను.

"లోపలిదంతా ఫ్లాపీలల్ల ఎక్కించినవా?" అన్నాడు.

"లే కాకా. డ్యూటీల టైం దొరకలే."

"అయితే తీస్కపో. ఎక్కించినంకనే రా."

తెర బాగుచేయడానికి ఇదంతా ఎందుకని విసుక్కున్నాను. ఆయన కౌంటర్ అద్దం కింద దాచిన ఒక పాత రసీదు చూపించాడు. దాని మీద ఎవరిదో సంతకం ఉంది.

"గీ రసీదు మిషన్ బాగుజేస్తుంటే అండ్ల ఉన్నయన్ని తుడిచింది నేనే. నాలుగొద్దులకు సమాయిల్ సైట్‌ల ఆ మిషన్ తెచ్చిన కంపెనీ మనిషొకడు సచ్చిపోయిండు. ఇంటి అడ్రసు అండ్లనే ఉండె. పాస్‌పోర్టు మీదేమో బొంబాయి ఏజెంటుది. కాయితం ప్రకారం నాది తప్పు లేదు."

"మరి ఇంటికెట్ల తెలిసింది కాకా?"

ఆయన అద్దాన్ని చేత్తో తుడిచాడు.

"మూడు వారాలకు, సచ్చినాయనకు భార్య రాసిన ఉత్తరం కంపెనీకి అచ్చింది. కవరు ఎనక అడ్రసు చూసి ఆమెకు కబురు పంపిన్రు."