నైలాన్ దారానికి నేత ముడి

హైవే పక్కన కొత్తగా పెట్టిన ఆ ఆటసామాన్ల అంగడిలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. లోపల ఏసీ చల్లదనం, పెళ్లి మంటపమంత చోటు. ఒక గోడ నిండా చేపలు పట్టే గాలపు కర్రలే నిలబెట్టారు. ముట్టుకోవచ్చు, వంచి చూడొచ్చు, విసిరినట్టు నటించొచ్చు. పట్టుచీరలు గుట్టగా విప్పించి, రంగు కుదరలేదని లేచి వచ్చేసే మనిషిని నేను. బేరానికి ఎదుటి మనిషే లేకపోతే నాకు కొన్నట్టే ఉండదు.

"చూసుకోమా, నిదానంగా చూసుకో" అంది మా కూతురు. కర్నూల్లో కాపురం ఉంటోంది, తన స్కూటీ మీదే నన్ను అక్కడికి తీసుకెళ్లింది.

నేను చూస్తున్నది నాకోసం కాదు, మా ఆయన కోసం.

మాది కోడుమూరు. మగ్గం ఇల్లు. అమావాస్యకు మేము మగ్గం ముట్టం, అది మాకు సెలవు. ఆ రోజు మా ఆయన వెదురు గాలం భుజాన వేసుకుని గాజులదిన్నె డ్యాము నీళ్ల దగ్గరికి పోయేవాడు. నీళ్ల మీద తేలే బెండు జొన్న దంటు ముక్క, ఎరకు తడి మట్టిలో తవ్విన ఎర్రలు. సాయంత్రానికి అరచేతిలో పట్టే చేపలు నాలుగు తెచ్చేవాడు. వీటికి వేసే చింతపండే దండగ అని నేనంటే, రుచి తెలియని నోటికి చింతపండు ఎందుకని ఆయన అనేవాడు. దేనికైనా వాదించే మనిషి. ఎండ మండిపోతోందంటే నిన్నటి మీద తక్కువే అంటాడు. మబ్బు పట్టింది, వాన వచ్చేట్టుందంటే, మన సీమలో మబ్బును నమ్మినోడు ఎవడు బాగుపడినాడని అడుగుతాడు. ఆ నోటికి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు కూడా పదునెక్కింది. మేము మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చిన పక్కింటావిడ పోట్లాటనుకుని విడిపించడానికి వచ్చింది.

పోయిన ఎండాకాలం మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడి పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ఆస్పత్రిలో ఉంచాక మాట తిరిగి వచ్చింది, కాలూ వచ్చింది. కుడి చేతి వేళ్లు మాత్రం సగమే వచ్చాయి. అంతవరకు రావడమే గొప్ప అన్నారు, నేనూ దేవుడికి దండం పెట్టుకున్నాను. కానీ ఇంటికి వచ్చిన మనిషి దేనికీ వాదించలేదు. అన్నం పెట్టనా అంటే సరే. పొద్దుగూకింది, లోపలికి పోదామా అంటే సరే. మగ్గం ఊరికే పడుంది, ఎవరికైనా ఇచ్చేద్దామా అని ఎవరో అంటే దానికీ సరే. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. మారు మాట్లాడకుండా తిని చేయి కడుక్కున్నాడు. ఆ రోజు నేను పొయ్యి దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"ముప్పై ఏండ్లకు మంచి మొగుడు దొరికినాడు గదే నీకు" అని మా అక్క నవ్వింది.

నాకు మంచి మొగుడు వద్దు, నా మొగుడు కావాలి. ఆ మాట అక్కతోనే అన్నాను.

గాలం మళ్లీ చేతికొస్తే మనిషి కదులుతాడేమోనని నా ఆశ. వెదురు గాలానికి కుడి చేతి బలం కావాలి. ఎడమ చేత్తో తిప్పే రీలు గాలాలు ఉంటాయని కూతురు చెప్పింది. నిజానికి ఆయన గాలాలు కొనేది కర్నూలు పాతబస్తీలో ఒక ఇరుకు అంగడిలో. వలలు, తాళ్లు, గాలాలు చూరు నుంచి వేలాడుతుంటాయి. ఆ అంగడి భాయూ మా ఆయనా రెండు గాలాల కోసం ఒక పూట వాదించుకునేవాళ్లు. నేను అక్కడికి పోలేకపోయాను. "మీ ఆయన యాడ వదినా?" అని భాయ్ అడుగుతాడు. మాటకు మాట అనే ఆ మనిషి ఇప్పుడు అరుగు మీద ఊరికే కూర్చుని ఉంటాడని నా నోటితో చెప్పాలి. అది నావల్ల కాలేదు.

పెద్ద అంగడిని చెడ్డది అననీయను. అక్కడ పనిచేసే ఒకమ్మాయి వచ్చి, రీలు పిడిని మర తిప్పి ఊడదీసి అటు పక్కకు బిగించి చూపించింది. ఎడమ చేత్తో గిర్రున తిరిగింది. ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది. దారం ఏది మంచిదని అడిగితే మాత్రం, "నేనెప్పుడూ చేపలు పట్టలేదాంటీ, డబ్బా మీద రాసుంటుంది చూడండి" అంది. పాపం, అబద్ధం చెప్పలేదు. ఇక నేనే చూసుకున్నాను. దారం సంగతి నాకు ఒకరు చెప్పాలా? మా పనిలో నూలు ఎంత సన్నమైతే అంత గౌరవం. నమూనాకు బయట పెట్టిన దారాలను వేళ్ల మధ్య జార్చి చూసి, అన్నిటికన్నా సన్నగా, నున్నగా ఉన్నది ఏరుకున్నాను. కూతురు డబ్బు కట్టింది. నేను వద్దన్నట్టు కాసేపు నటించాను.

ఇంటికి తెచ్చి చూపించాను. ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూసి "సరే" అన్నాడు.

అమావాస్య నాడు ఆటో మాట్లాడుకుని ఇద్దరం గాజులదిన్నె పోయాం. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో చాప పరిచాను. కర్రను రాళ్ల మధ్య గుచ్చి నిలబెట్టాను. గాలపు కొక్కేన్ని ఒక చిన్న దారానికి కట్టి అమ్ముతారు, దాన్ని రీలు దారానికి అతకాలి. ఆయన వేళ్లు ఆ పని చేయలేవు. నేను అతికాను. మగ్గం మీద పడుగు పోగు తెగితే కన్ను మూసి తెరిచేలోగా ముడి వేయాలి. దువ్వెన లాంటి అచ్చు పళ్ల సందులో తట్టుకోకుండా జారిపోయేంత చిన్న ముడి. మా ఇళ్లల్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఆ ముడి వస్తుంది. తోకలు పంటితో కొరికి, ముడి ఎక్కడుందో కూడా కనపడకుండా చేసి ఆయనకు చూపించాను.

"బాగుండాదా?"

"సరే" అన్నాడు, నీళ్ల వైపు చూస్తూ.

చాలాసేపు ఏమీ లేదు. నేను తెచ్చిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ చల్లారిపోయిందని నేనే అన్నాను, ఆయన అనలేదు. అంతలో బెండు ఒక్కసారి మునిగింది, కర్ర వంగిపోయింది. ఆయన ఎడమ చేయి రీలు మీదికి ఎలా పోయిందో నేను చూడలేదు. తిప్పుతున్నాడు. చాప మీద నుంచి మోకాళ్ల మీదికి లేచాడు. నీళ్లలో తెల్లటి పక్క ఒకటి తళుక్కుమంది. పెద్ద బొచ్చె చేప. ఆయన జీవితంలో అంత చేపను తేలేదు. "లాగు, లాగు!" అని నేను అరుస్తున్నాను. అంతలో కర్ర నిటారుగా లేచి ఊరుకుంది.

దారం ఉత్తిదే వచ్చింది. ఆయన దాని కొస పట్టుకుని చూశాడు. తెగలేదు, చేప కొరకలేదు. ముడి ఉన్న చోట కొంచెం వంకర తిరిగి ఉంది, అంతే.

"ఎవురేసినారే ఈ ముడి?"

"నేనే."

"నేత ముడా? నైలాన్ దారానికి నేత ముడి ఏస్తావా? నూలంటే నూలును కరిసి పట్టుకుంటాది. ఇది అద్దం మాదిరి ఉండాది, యాడ పట్టుకుంటాది? జారిపోదా? అయినా ఈ దారం ఏంది? చీర నెయ్యనీకి తెచ్చినావా, చేప పట్టనీకి తెచ్చినావా?"

"నీకు చూపించినా గదా! సరే అన్లేదా నువ్వు?"

"నేను సరే అంటే? నీకు బుద్ధుండొద్దా?"

గట్టు మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి మరీ మమ్మల్ని చూశాడు. మా ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. చేపను తిట్టాడు, రీలును తిట్టాడు, నా పుట్టింటివాళ్లను కూడా వదల్లేదు. నేనూ ఊరుకోలేదు, ఒకటికి రెండు అన్నాను. గుండెలోంచి ఏదో బరువు దిగిపోయినట్టుంది. ఏడుపొచ్చేట్టుంటే ముఖం కొంగుతో తుడుచుకున్నాను. ఎండ అని అనుకున్నాడేమో, నీడలోకి జరగమని దానికీ కసిరాడు.

కానీ మర్నాడు పొద్దున మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే తీసుకున్నాడు. చక్కెర ఎక్కువైందా అంటే తల అడ్డంగా ఊపాడు. నిన్నటిది నిన్నటితోనే పోయిందేమోనని నాకు భయం పట్టుకుంది. అప్పుడు ఒక మాట వదిలాను.

"ఆ పెద్ద అంగడికే పోయి ఇంగొక దారం తెస్తాలే. ఈసారి ఇంగా మంచిది చూస్తా."

టీ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు పోవద్దు. నీకు కొననీకి రాదు. నేనే వస్తా, భాయ్ కాడికి పోదాం."

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన తనంతట తాను ఎక్కడికైనా పోతానన్నది అదే మొదటిసారి. బస్సు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. కండక్టరు విసుక్కుంటే, నీ బస్సేమన్నా విమానమా అని ఆయన అడిగాడు.

భాయ్ ఆయన్ని చూసి అంగడి బయటికే వచ్చేశాడు. చేతికర్రనూ, కుడి చేతినీ చూశాడు, దాని గురించి ఒక్క మాటా అడగలేదు.

"ఏమప్పా, ఇంగొక అంగడి పట్టుకున్నావా? శానా దినాలైంది."

"పట్టుకున్నది నేను గాదు, ఈయమ్మ" అని నన్ను చూపించి, కొత్త గాలాన్ని భాయ్ చేతికిచ్చాడు. భాయ్ రీలు తిప్పి చూసి, మంచి మాలే అని, ఇట్లాంటి రీలు తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. మా ఆయనకు అది నచ్చలేదు. ఏం మంచి, చేప పోయింది గదా అన్నాడు. భాయ్ లావు దారం తీసి ముందు పెడితే, "ఇది దారమా, ఎద్దును కట్టేసే తాడా?" అన్నాడు. సన్నది తీస్తే, నిన్న నన్ను అన్న మాటలే భాయ్‌నూ అన్నాడు. చివరికి ఒకటి ఏరుకుని, గల్లాపెట్టె మీదే నాకు ముడి నేర్పించడం మొదలుపెట్టాడు. దారాన్ని చుట్టలు చుట్టాలట, కొసను కింది సందులోంచి తీయాలట, ఉమ్ముతో తడిపి నెమ్మదిగా బిగించాలట. నా వేళ్లు వినడం లేదు, నేత ముడే పడుతోంది. పడ్డప్పుడల్లా తిడుతున్నాడు. అంతలో ఆయన కుడి చేతి బొటనవేలు వచ్చి దారం కొసను గల్లాపెట్టె మీద నొక్కి పట్టింది. సరిగ్గా నొక్కలేకపోయింది. అయినా తీయలేదు.

బయట కొనేవాళ్లు ఇద్దరు ఎదురుచూస్తున్నారు. దారం బేరం ఇంకా తెగలేదు, అప్పుడే ఆయన భాయ్ చూపించిన మొదటి గాలానికి వంక పెట్టాడు. భాయ్ రెండు చేతులూ ఎత్తి నా వైపు తిరిగాడు.

"ఏం మనిషి వదినా ఈయన! పిసరంత కూడా మారలే!"

ఏ డాక్టరూ నాకు ఆ మాట చెప్పలేదు.