సక్రి మార్చుకున్న ఇంటిపేరు

మా అమ్మమ్మ సక్రికి రెండంటే భయం. ఒకటి సూది, రెండోది రుక్మిణి మౌనం. మిగతా లోకమే ఆమెను చూసి జాగ్రత్తగా నడుస్తుంది. అలాంటి సక్రి ఆ ఆదివారం పొద్దున తలకు నూనె రాసుకుంటూ సీసా మూత పదే పదే కింద పడేసింది. మంచం కిందికి దొర్లిన మూతను తిడుతూ వెతికింది. అసలు తిట్టాల్సింది మూతను కాదని ఆమెకూ తెలుసు.

తండా పెద్ద లచ్చిరాం తన మిరప కల్లం దగ్గరికి సక్రినీ రుక్మిణినీ రమ్మన్నాడు. లచ్చిరాం సక్రికి స్వయానా మరిది, చనిపోయిన మొగుడి తమ్ముడు. ఆ కబురు మోసుకొచ్చింది రుక్మిణి అన్న వీరన్న. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి చెప్పాడు.

"అక్కచెల్లెండ్లమని నలుగుట్ల చెప్పుండ్రి. చెప్తే ఈడనే ఉండొచ్చు. లేకుంటే ఇల్లు ఖాళీ చేసుడే. జాగ నా పేరు మీదుంది, యాదుంచుకోండ్రి."

అది రెండు గదుల రేకుల ఇల్లు. అత్తగారింటి బాధలు పడలేక రుక్మిణి తిరిగొచ్చినప్పుడు, వాళ్ల నాయన చేను మూలన ఇంత జాగా చూపించి ఇక్కడ బతుకు బిడ్డా అన్నాడు. కాగితమేమీ రాయలేదు. తర్వాత ఆ జాగాలో గోడలు లేపింది సక్రి, రుక్మిణి కలిసి. ఒకే తండా అయినా ఇద్దరికీ అసలు దోస్తీ కుదిరింది ఖమ్మంలో, మిరప తొడిమలు తీసే కూలికి వెళ్లినప్పుడు. ఘాటుకు సక్రి తుమ్మితే రుక్మిణి నవ్వేది. ఆ నవ్వు కోసం సక్రి దొంగతుమ్ములు కూడా తుమ్మేది. ఈ సంగతి ఇప్పటికీ ఒప్పుకోదు.

కూతురికి పెళ్లి చేసి కల్లూరు పంపించాక సక్రి తన చాప చుట్టుకుని రుక్మిణి ఇంట్లో దిగింది. ఇరవై ఏళ్లు కావస్తోంది. ఒకటే పొయ్యి, ఒకటే మంచం, ఒక పొడిచే గేదె. వాళ్లు ఒకరికొకరు ఏమిటో తండా అంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

పైకి తెచ్చింది సక్రే. గేదె ఇన్సూరెన్సు గొడవ మీద ఖమ్మంలో ఫరహా అనే వకీలమ్మ దగ్గరికి వెళ్లింది. మాటల్లో ఫరహా ఒక కబురు చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ల పెళ్లికి ఢిల్లీ పెద్దకోర్టు ఒప్పుకోలేదు, అది చట్టం చేసేవాళ్లు చూసుకోవాలంది. కానీ ఆ తర్వాత, అలాంటి జంట ఒకే రేషన్ కార్డులో ఉండొచ్చనీ, బ్యాంకులో ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరవొచ్చనీ పైనుంచి ఆదేశాలొచ్చాయి. గేదె పని మీద వెళ్లిన సక్రి తలలో ఇంకో గేదె దూరింది.

"నా ఇంటిపేరు గూడ మార్చు బిడ్డా. గుగులోతు తీసి బానోతు పెట్టు. రుక్మిణోళ్లది బానోతే."

"కార్డుకు అది అక్కర్లేదు పెద్దమ్మా."

"కార్డుకు కాదు. ఒకింటికి పోయినదానికి ఆ ఇంటిపేరు రావాలె గద. నాకు రాకపాయె."

ఫరహా పెన్ను మూత తీసింది. తర్వాత అఫిడవిట్ రాసింది, పేపర్లో ప్రకటన వేయించింది, గెజిట్‌కు పంపింది.

సక్రి ఒక్కటి మరిచింది. తండాలో ఒకే ఇంటిపేరు వాళ్లంతా తోబుట్టువులే. వాళ్ల మధ్య పెళ్లి ఊసు ఎత్తితేనే పాపం. రుక్మిణి ఇంటి మనిషి కావాలని పేరు మార్చుకున్న సక్రి, తండా లెక్కలో రుక్మిణికి చెల్లెలైపోయింది. పేపర్లో ప్రకటనను వీరన్న టీకొట్టు దగ్గర చదివించుకున్నాడు. ఆ ప్రకటనతో తెరుచుకున్న తండా నోళ్లు మూయించే దారి దొరికిందని అతనికి అక్కడే తోచింది.

కల్లానికి నడిచేటప్పుడు రుక్మిణి చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి నేల చూస్తూ అంది.

"చెప్పేద్దాం సక్రీ. ఒక్క మాటే గద. ఇల్లు మిగుల్తది."

సక్రి నడక ఆపింది. "నువ్వు చెప్తే చెప్పు. నా నోట రాదు."

రుక్మిణి గనక ఆ మాట అంటే సక్రికి కాదనడం చేతకాదు. ఇల్లుంటుంది, మంచముంటుంది. ఇరవై ఏళ్లు మాత్రం అబద్ధమైపోతాయి.

కల్లంలో పరదాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. పంచాయితీ అయినా పని ఆగదు. లచ్చిరాం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే వీరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, మా అన్న పేరు ఏం పాపం చేసిందని తీసేసుకున్నవ్?" లచ్చిరాం గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ వినిపించింది.

"నీ అన్న పేరు నలభై ఏండ్లు మోసిన లచ్చిరాం. నీ అన్నను గూడ మోసిన, కల్లు దుకాణం నుంచి ఇంటిదాంక. ఇగ దించిన."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. లచ్చిరాం ముఖం మరింత బిగుసుకుంది.

"సరే. మారింది మారింది. ఇప్పుడు మీరిద్దరు బానోతోళ్లే. ఒక్క ఇంటిపేరంటే అక్కచెల్లెండ్లే. గా మాట అనుండ్రి, లొల్లి ఒడుస్తది. రుక్మిణీ, నువ్వు చెప్పు. సక్రి నీకేమైతది?"

రుక్మిణి అలవాటుగా ఒక కాయ చేతిలోకి తీసుకుంది. తొడిమ తీసింది. ఇంకొకటి తీసుకుంది. సక్రి ఆ వేళ్లనే చూస్తూ ఉంది. ముక్కులోకి ఘాటు ఎక్కుతున్నా తుమ్ము ఆపుకుంది. ఆ రోజు తుమ్మకపోవడం ఆమె జీవితంలో చేసిన పెద్ద సాహసాల్లో ఒకటి. రుక్మిణి తల ఎత్తి ఆ బిగబట్టిన ముఖం చూసింది.

"బావా," అంది రుక్మిణి, "సోమ్లి ఏ ఇంటి బిడ్డ?"

సోమ్లి లచ్చిరాం భార్య. అక్కడే తొడిమలు తీస్తోంది.

"మీ బానోతోళ్ల బిడ్డనే. నీకెర్క లేదా?"

"మరి కార్డుల ఏమని ఉంది?"

"గుగులోతు సోమ్లి."

"నీది గూడ గుగులోతే గద. ఒక్క ఇంటిపేరంటే అక్కచెల్లెండ్లు, అన్నచెల్లెండ్లు అంటున్నవ్. మరి సోమ్లి నీకు చెల్లె అయితదా?"

తొడిమలు తీసే చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సోమ్లి తల ఎత్తి మొగుడిని తీరిగ్గా చూసింది.

"గట్లయితే రేపటి సంది బువ్వ నువ్వే వండుకో అన్నా."

ఈసారి నవ్వు దగ్గులో దాగలేదు. వీరన్న ముందుకొచ్చాడు.

"అది పెండ్లామే! గామె వేరు. ఇది..."

"ఇది ఏంది? అను," అంది రుక్మిణి.

వీరన్న మళ్లీ చేతులు కట్టుకున్నాడు. అంటే, తండాలో ఎవరూ పైకి అనని మాట తానే అన్నట్టవుతుంది.

"నా ఇంటికొచ్చిన మనిషి అన్నా," రుక్మిణి చేతిలో కాయను పరదా మీద పెట్టింది. "సోమ్లి బావ ఇంటికొచ్చినట్టే వచ్చింది. నా పేరు తెచ్చుకున్నది. చెల్లె అని మాత్రం అన."

లచ్చిరాం కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"వీరన్నా, మీ నాయిన గా జాగ చూపెట్టిన రోజు నేను పక్కన్నే ఉన్న. ఇంటి జోలికి పోకు. పేరు సంగతి నన్నడగకుండ్రి, నాకు తెల్వదు."

అప్పుడు తుమ్మింది సక్రి. తండా అవతల దాకా వినపడేలా.

గొడవ అంతటితో తీరలేదు. వీరన్న తన బోరు నుంచి వాళ్లింటికి వచ్చే పైపు కోసేశాడు. మాటలు మానేశాడు. ఎండాకాలమంతా ఇద్దరూ చేతిపంపు నుంచి బిందెలు మోశారు. సక్రి దారి పొడవునా వీరన్న వంశాన్ని తిట్టేది. ఆ వంశం ఇప్పుడు తనదేనని రుక్మిణి గుర్తు చేస్తే, కాసేపు ఆగి గేదెను తిట్టేది.

ఫరహా ఆఫీసుల చుట్టూ తిరగ్గా కొత్త కార్డు వచ్చింది. సన్నబియ్యం కోసం వెళ్లిన రోజు వరుస చాలా పొడుగ్గా ఉంది. వాళ్ల వెనకే ముఖం అటు తిప్పుకుని వీరన్న నిలబడ్డాడు.

"కొత్త కార్డు గద, ఒక్కపారి రెండో మనిషి గూడ వేలు పెట్టాలె. బానోతు సక్రి ఎవలు?" డీలర్ అరిచాడు.

ఎవరూ కదల్లేదు. డీలర్ మళ్లీ అరిచాడు.

"ఎవలో ఏమో, జల్దీ రాదు," అని సక్రి విసుక్కుంది.

రుక్మిణి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి వీరన్న గొంతు వినిపించింది. ముఖం ఇంకా అటే ఉంది.

"బానోతు సక్రి అంటే నువ్వే. పో, లైను ఆగింది."