ఆడి అమావాస్యకు అవ్వతో పట్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్నం మాట ఎత్తితే చాలు, తప్పిపోయినవాళ్ళ కథలే బయటికి వచ్చేవి. ఎవరో మద్రాసు స్టేషన్లో దిగి బీడీ ముట్టించుకునేలోపు వెనకున్న పెళ్ళాం కనబడకుండా పోయిందనీ, మూడు రోజుల తర్వాత ఏదో సత్రంలో దొరికిందనీ ఒకరు చెప్పేవారు. ఇప్పటికీ దొరకని పిల్లవాడి కథ ఇంకొకరు చెప్పేవారు. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. ఈ వయసులో కూడా రైలు ఎక్కాలంటే ముందు రోజు నుంచి నాకు అన్నం సయించదు. అలాంటి నన్ను ఎనిమిదో ఏట, యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, మా నాయన పట్నానికి బయలుదేరదీశాడు. పైగా అప్పగించిన పని కూడా చిన్నది కాదు.

మాది నగరి. నాయన గుంట మగ్గం మీద గళ్ళ తువాళ్ళు నేసేవాడు. నూలు ఇచ్చేదీ, నేసిన బట్ట తీసుకుపోయేదీ షావుకారే. మూటలు కట్టి బండికెత్తాక ఆ బట్ట ఏ ఊరు పోతుందో, ఎవరి భుజం మీదికి ఎక్కుతుందో మాకు తెలియదు, మేం అడిగిందీ లేదు. అమ్మ పడుగు సరిచేసేది. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, రాట్నం ముందు కూచుని కండెలు చుట్టేది. నేను తమ్ముణ్ణి ఆడించేదాన్ని. అంతే మా ఇల్లు.

యుద్ధం రోజుల్లో పట్నం మీద బాంబులు పడతాయని జనం పల్లెలు పట్టి వచ్చేసినప్పుడు ఒక కుటుంబం మా వసారాలో నాలుగు నెలలు ఉంది. ఆ ఇల్లాలు సాయంత్రం పూట అవ్వ పక్కన చేరి సముద్రం సంగతులు చెప్పేది. ఎంత దూరం చూసినా అవతలి గట్టు కనబడదంటే అవ్వ ఒక పట్టాన నమ్మలేదు. "గట్టు లేకుండా నీళ్ళు యాడన్నా నిలస్తాయా? అంతా కత" అని కొట్టిపారేసేది. కానీ వాళ్ళు తిరిగి వెళ్ళిపోయాక కూడా ఆమె మనసు ఆ గట్టు దగ్గరే ఉండిపోయింది. చెరువు చూసినా, వాన నీళ్ళు నిలిచిన మడి చూసినా ఆ మాటే తెచ్చేది.

ఇంతలో ఆమె కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. దారం తెగితే కొస కనబడక వేళ్ళతో తడుముకునేది. నాయన ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళితే, ఏడాది తిరిగేసరికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకుండా పోతుందని ఆయన చెప్పాడట. ఆ పూట అన్నం తింటూ అవ్వ ఎవరితోనూ కానట్టు, "అయితే ఆ నీళ్ళు సూసేది ల్యా" అంది. కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలి నాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగే ఇల్లు మాది. ఊరు చూడటానికి పోవడమనేది మా వీధిలో ఎవరూ ఎరగరు. పెళ్ళికో చావుకో తప్ప రైలెక్కేవాళ్ళు కారు. నాయన వారం రోజులు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. అమావాస్య నాడు మా నేతవాళ్ళు మగ్గం గుంటలో కాలు పెట్టరు. ముందు రోజు మధ్యాహ్నం బయలుదేరి, అమావాస్య పగలంతా సముద్రం దగ్గర గడిపి, సాయంత్రం బండికి తిరిగి వస్తే పోయేది ఒక్క పూట నేతే. పట్నంలో మా కులంవాళ్ళు కట్టించిన సత్రం ఉంది, పడుకోవడానికి చాప దొరుకుతుంది. పులిహోర, బొరుగులు మూటకట్టుకుంటే హోటలు మొహం చూడక్కర్లేదు. ఎక్కడికైనా నడిచే పోవాలి. సముద్రంలో మునగడానికి అమావాస్య మంచిదని అమ్మ కూడా సరేనంది. వచ్చేది తమిళుల ఆడి నెలలో పడే ఆడి అమావాస్య. ఆ రోజు పెద్దలకు తర్పణాలు వదలడానికి పట్నమంతా సముద్రం ఒడ్డునే ఉంటుందన్న సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఇక ఎవరిని ఎవరు పట్టుకోవాలన్నది తేలాలి. నాయన చేతుల్లో మూటలు. అమ్మ చంకలో తమ్ముడు. మిగిలింది నేను. అవ్వ చెయ్యి నాకప్పగించి, నాయన నా ముందు గొంతుక్కూచుని నెమ్మదిగా చెప్పాడు. "పాపా, నువ్వు చెయ్యి ఇడిస్తే అవ్వ లేదనుకో. తెలిసిందా?" ఆయన కోప్పడి చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. మమ్మల్నిద్దరినీ సంతలో రెండుసార్లు అటూ ఇటూ నడిపించి అలవాటు కూడా చేయించాడు. సంతలో అవ్వ ఉల్లిగడ్డలు చూడటానికి వంగినా నేను ఆమె మణికట్టు వదలలేదు. ఆమె నవ్వి, "రక్తం ఆడనీయి మే" అనేది. నాకు నవ్వు వచ్చేది కాదు. బయలుదేరేదాకా ఆ పది రోజులూ అవ్వ లేని ఇల్లు ఎలా ఉంటుందోనని ఊహించుకునేదాన్ని. రాట్నం వంక చూడాలంటేనే భయం వేసేది.

మా నాయన జాగ్రత్త అక్కడితో ఆగలేదు. మగ్గం మీద మిగిలిన పడుగుతో ఇంకో నాలుగు గజాలు నేసి, అందరికీ ఒకే గుడ్డ తొడగాలని నిర్ణయించాడు. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు, మధ్యలో సన్నటి పసుపు చార. దానితో నాకు పావడ, తమ్ముడికి చొక్కా, అమ్మకు మూటగుడ్డ, అవ్వకు భుజాల మీద కప్పుకోవడానికి ఒక గుడ్డ. నాయన భుజాన తువాలు ఎలాగూ అదే. జనంలో ఎంత దూరాన ఉన్నా ఆ గళ్ళు చూసి పరిగెత్తుకు రావాలన్నది ఆయన ఉపాయం. నాకు కొంచెం ధైర్యం వచ్చిందంటే ఆ గుడ్డ వల్లే.

అరక్కోణంలో బండి మారి పట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. స్టేషన్లో దిగగానే మొదట కనబడ్డ కూలీ భుజం మీద మా గళ్ళ తువాలు ఉంది. ఎరుపూ ఆకుపచ్చా, మధ్యలో పసుపు చార. నాయన మూటలు కింద పెట్టి, పరాయి మనిషన్న మొహమాటం కూడా లేకుండా పోయి ఆ తువాలు అంచు పట్టి చూశాడు. "ఇది మన నగరి గుడ్డే అప్పా!" అని ఆయన మొహం వెలిగిపోయింది. ఆ కూలీ బిత్తరపోయాడు. మేమంతా నవ్వాం. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇంకొకడి తలపాగా అదే. బండి తోలేవాడి నడుముకు అదే. బయట పండ్లమ్మే ఆమె బుట్ట మీద కప్పింది అదే. మేం పుట్టినప్పటి నుంచీ నేసి పంపిందంతా వచ్చి పడింది ఇక్కడన్నమాట. అమ్మ నాయన వైపు చూసింది. నాయన నవ్వు ఆపేశాడు. నేను అవ్వ మణికట్టును రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆ రాత్రి సత్రంలో గడిపి, తెల్లవారి నడుచుకుంటూ సముద్రానికి పోయాం. దూరం నుంచే హోరు వినిపించింది. ఆ తర్వాత జనం కనిపించారు. తిరుచానూరులో పంచమి తీర్థానికి కూడా అంతమందిని నేను చూడలేదు. తడి బట్టలు, నువ్వులూ దర్భలూ, పిలుపులూ, ఏడుపులూ. అందరి భుజాల మీదా మా గళ్ళే ఉన్నట్టు నాకు తోచింది. నాయన మూటలతో ఇసుకలో చోటు చూస్తానని ముందుకు పోయాడు. అమ్మ తమ్ముడి నిక్కరు మార్చడానికి ఆగింది. అవ్వ ఆగలేదు. ఆమె కాళ్ళకు ఆ హోరే దారి చూపించినట్టు తిన్నగా నీళ్ళ వైపు నడిచింది, నేను ఆమె చెయ్యి పట్టుకుని వెంటపడ్డాను.

నీళ్ళ అంచున నిలబడి ఆమె తలెత్తి చూసింది. ఏం కనబడిందో తెలియదు. "గట్టు ల్యా" అంది మెల్లిగా. "సూడు పాపా, నిజంగానే గట్టు ల్యా."

అప్పుడు ఆ అల వచ్చింది. పెద్దవాళ్ళకు మోకాళ్ళ దాకా వచ్చే అలే అయి ఉంటుంది. నాకు మాత్రం గోడ లేచి వస్తున్నట్టు కనబడింది. పది రోజులు ఏ చెయ్యి వదలకూడదని నేర్చుకున్నానో ఆ చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి పరిగెత్తాను. ఎవరూ నెట్టలేదు, జారి పడలేదు, నేనే వదిలాను. ఎనభై ఏళ్ళవుతున్నా ఈ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

ఎదురుగా మా గళ్ళ తువాలు కనబడింది. నాయనా అని ఏడుస్తూ పోయి ఆ కొస పట్టుకున్నాను. తిరిగిన మనిషి నాయన కాదు, ఉడికించిన శనగల సుండలు అమ్ముకునే ముసలాయన. వెనక్కి చూస్తే జనం గోడ కట్టినట్టు నిలబడి ఉన్నారు. అవ్వ లేదు. నాయన చెప్పిన మాట చెవిలో మోగుతోంది. అవ్వ లేదనుకో. నాకు వచ్చిన నాలుగు తమిళం ముక్కలూ ఆ వేళకు గుర్తు రాలేదు. వేలు పెట్టి సముద్రం వైపు మాత్రం చూపించగలిగాను.

ఆ ముసలాయన ఎక్కువ అడగలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని, నా రెక్క పట్టుకుని నీళ్ళ అంచు వెంబడే నడిపించాడు. మేమెంత దూరం నడిచామో తెలియదు. తేలుతున్న పూలదండ కనబడినా అది అవ్వ గళ్ళ గుడ్డేమోనని ఆగి చూసేదాన్ని. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఇంకెప్పుడూ పట్నం రానని, తమ్ముణ్ణి గిల్లనని, ఏవేవో మొక్కాను.

చివరికి కనబడింది. వదిలిన చోటే, తడి ఇసుకలో చతికిలబడి కూచుని ఉంది. వచ్చే అలలు నడుము దాకా తడిపి పోతున్నాయి. లాగేసుకుపోకుండా రెండు చేతులూ ఇసుకలోకి గుచ్చి పెట్టింది. ఎవరెవరో లేవమని చెబుతున్నా కదలడం లేదు. "నా పిల్ల ఈడికే వస్తాది. నేను లేస్తే అది యాడ ఎతుక్కుంటాది?" అని తెలుగులోనే అందరికీ జవాబు చెబుతోంది. నేను పోయి మెడ పట్టుకున్నాను. ఆమె ఒళ్ళు వణుకుతోంది. అప్పుడుగానీ నాకు తెలియలేదు, ఆమె కూడా భయపడిందని.

అంతలో నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మమ్మల్ని చూడగానే ఆ భయమంతా కోపమైంది. "ఎవురు ఇడిసింది చెయ్యి?" అని చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి నా వైపే లేచింది.

"నేనే ఇడిసినాను రా" అంది అవ్వ. "ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకోవాలనిపించినాది. ఒంటి చేత్తో యాడ వస్తాయి?"

నాయన చెయ్యి దించి అవ్వ మీద పడ్డాడు. కళ్ళు కనబడవని తెలిసీ చిన్నపిల్లలా చేస్తావా అని, బుద్ధి ఉండాదా మా అని, అంతమంది ముందు అరిచాడు. కన్నతల్లిని ఆయన ఒక మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ తల వంచుకుని తడి కొంగు పిండుకుంది. నాకు నిజం నాలుక చివరి దాకా వచ్చింది, కానీ చెప్పలేదు.

పగలంతా సముద్రం దగ్గర గడపాలన్న ఏర్పాటు అక్కడితో ముగిసింది. నాయన ఇంక ఒక్క క్షణం కూడా అక్కడ ఉండనివ్వలేదు. పులిహోర స్టేషన్లో కూచుని తిన్నాం. జన్మకు సరిపడా చూసుకుందామనుకున్న ఆ నీళ్ళను అవ్వ చూసింది ఎంతసేపని, అందులో సగం నా కోసం ఎదురుచూస్తూనే సరిపోయింది. అది నా వల్ల. రైల్లో నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, నిద్రపోయినట్టు నటిస్తూ ఊరు వచ్చేదాకా ఏడ్చాను.

ఆ తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఒక వేడుక కథ అయిపోయింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా, పట్నం తీసుకుపోతే తన తల్లి చెయ్యి విదిలించుకుని సముద్రంలోకి పోయిందని నాయన చెప్పేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవారు. అవ్వ కూడా నవ్వేది. నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని.

ఒకరోజు తట్టుకోలేక, ఆమె రాట్నం పక్కన తెగిన దారం కొస వెతికి ఇస్తూ అడిగాను. అబద్ధం ఎందుకు చెప్పావు, వదిలింది నేను కదా అని. అవ్వ దారం ముడి వేసుకుంది. తర్వాత నా అరచెయ్యి తీసుకుని తన అరచేతికి ఆనించి పెట్టింది. నా వేళ్ళు ఆమె వేళ్ళ సగానికి కూడా రాలేదు.

"ఇందులో పెద్ద చెయ్యి ఎవురిది?" అంది. "పెద్ద చెయ్యే కదే పట్టుకోవాల్సింది. ఇంక అబద్ధం యాడుండాది?"

మరుసటి ఏడు ఆమె చూపు పూర్తిగా పోయింది. నాయనకు నేను ఆ నిజం చెప్పనేలేదు. ఆయన పోయేదాకా ఆ కథ చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. అది నా మీద ఉన్న భారం, దించుకునే దారి లేదు.

మొన్న తిరుపతిలో మా ఇంట్లో, ఎనిమిదేళ్ళ మునిమనవరాలు చంటివాణ్ణి ఆడిస్తూ మెట్టు మీద వదిలేసింది. వాడు పడి నుదురు బొప్పి కట్టింది. ఇల్లంతా ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. అది గోడకు ఆనుకుని వణికిపోతోంది. ఆ మెట్టు పక్కనే కుర్చీలో కూచుని ఉన్నది నేను. చెయ్యి చాపితే వాడు నాకు అందే దూరం. "నేనే చూసుకోలేదు" అన్నాను. పిల్లను వెనకేసుకొస్తున్నానని అందరూ అనుకున్నారు. కాదు, నేను నా చెయ్యి చూసుకుని చెప్పాను.