సుద్ద పూసిన బంతి

నా చిన్నప్పుడు మా సెక్టర్ 6 ఫుట్‌బాల్ జట్టు గోల్ కీపర్ అవతలి జట్టుకు అమ్ముడుపోయాడని సగం కాలనీ బాహాటంగానే అనేది. మిగతా సగం మనసులో అనుకునేది. ఆ మనిషి మా పక్క క్వార్టర్‌లో ఉండే మావయ్య. బతుకుతెరువుకి మేము వచ్చిపడ్డ ఆ హిందీ ఊళ్లో ఆట చూసి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం ఇచ్చే రోజులవి. మావయ్యకూ అలాగే ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పని దొరికింది. కాబట్టి ఆటలో చెడ్డపేరు వస్తే అది ఆటతో పోయేది కాదు, ఇంట్లో పొయ్యి దాకా వచ్చేది.

అక్షరాలు నేను మనవలు పుట్టాక నేర్చుకున్నాను. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ ఏడు టోర్నమెంటులో మావయ్య సులువైన బంతులు వదిలేశాడు. నాలాంటి గుంట కూడా ఆపగలిగినవి. పొద్దు వాలే వేళ బంతి వస్తుంటే చేతులు చాచేవాడు, అది పక్క నుంచి దూరిపోయేది. పైగా ఎవరో ఆయన్ని కోహ్కాలో చూశారు. అప్పట్లో అది ఊరి బయట పల్లె. ఫైనల్లో మాతో ఆడబోయే మిల్లు జట్టు వాళ్లు అక్కడే బస చేశారు. ఇంకేం కావాలి? కుళాయి దగ్గర మావయ్య పెళ్లాం బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు దూరం జరుపుకునేవాళ్లు. "గోలీ బిక్ గయా! కీపర్ అమ్ముడుపోయాడోయ్!" అని పిల్లలు ఆయన సైకిలు వెనక అరుస్తూ పరిగెత్తేవాళ్లు. ఆయన తల తిప్పి చూసేవాడు కాదు. దాన్ని కూడా తప్పు చేసినవాడి లక్షణం కిందే లెక్క వేశారు.

మా తాతయ్య అందరికంటే అనుమానం మనిషి. గుమ్మడికాయ కొంటే తట్టి, వాసన చూసి, ఇంటికొచ్చాక మళ్లీ తట్టేవాడు. మావయ్య మీదా ఆయనకు గట్టి అనుమానమే. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఒక మధ్యాహ్నం నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, పొద్దుటి షిఫ్టు దిగి పోతున్న మావయ్య వెనకాల దూరంగా తొక్కడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి తాతా?"

"నోరు ముయ్యే గుంటా. గాలికి తిరుగుతున్నాం."

పిల్లను ఎక్కించుకున్న ముసలివాణ్ని ఎవరు అనుమానిస్తారు? నన్ను ఎందుకు తీసుకెళ్లాడో నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

కోహ్కాలో మావయ్య సైకిలు మిల్లు జట్టు బస దాటిపోయింది. సందు చివర, ఆకులు నూరి మందిచ్చే ఒక ముసలి వైద్యుడి ఇంటి ముందు ఆగింది. మేము చేరేసరికి మావయ్య అరుగు మీద తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. ముసలాయన ఆయన కళ్లలో ఏదో పసరు పిండుతున్నాడు. తాతయ్య సైకిలు వెనక్కి తిప్పాడు. అనుమానం తీరితే మనిషి తేలికపడాలి. ఆయన ఇంకా బరువుగా తొక్కాడు.

మర్నాడు సాయంత్రం మైదానానికి రెండు బంతులు తెచ్చాడు. ఒకటి మామూలు తోలు బంతి, మా మైదానంలోని ఎర్ర మొరం రంగులోనే ఉండేది. ఇంకోదానికి సుద్ద గంజిలో కలిపి పూసి ఆరబెట్టాడు. జట్టు కుర్రాళ్లను రెండూ మార్చి మార్చి కొట్టమన్నాడు. పొద్దు వాలుతోంది. తెల్ల బంతి ఎటు వచ్చినా మావయ్య పట్టేశాడు. ఎర్ర బంతి వస్తే గాలిని తడిమాడు.

ఆ మర్నాడు మా వరండాలో నేను బఠానీలు ఒలుస్తుంటే తాతయ్య ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"కళ్లేనేటిరా?"

మావయ్య తలూపాడు. "మంట సూసీ సూసీ ఇలాగైపోనాయి మావా. నీలం అద్దం అడ్డెట్టుకున్నా ఆగనేదు. ప్లాంటు డాక్టరుకి తెలిస్తే ఆటా పోద్ది, నౌకరీ పోద్ది. పిల్లల్నట్టుకుని ఎక్కడికెల్లేది? అమ్ముడుపోనాడంటే అననీ."

"ఫైనల్ ఆడు. అదయ్యాక ఫర్నేసొదిలేసి స్టోరుకి అడిగి ఏయించుకో. కళ్లజోడెట్టుకో. నిప్పు కాడ కనపడక నిలబడితే నువ్వే కాదురా, నీ పక్కోడూ పోతాడు. మాటిస్తేనే నేను నోరు మూసుకుంట."

మావయ్య మాటిచ్చాడు. తాతయ్య నా వైపు ఒక్క చూపు చూశాడు. నేను బఠానీల్లోకి తల దూర్చాను.

ఫైనల్ రోజు బంతి ఇవ్వాల్సింది మా జట్టే. తాతయ్య తెల్ల బంతి చంకన పెట్టుకుని వచ్చాడు. మిల్లు జట్టు కెప్టెన్ కళ్లు చిన్నవి చేశాడు. "తాతాజీ, యే క్యా లగాయా?" ఇదేం పూశారని.

"నజర్ బాబూ, నజర్! హమారా గావ్ మే ఐసే హీ హోతా" అన్నాడు తాతయ్య తన వంకర హిందీలో. మా ఊళ్లో బంతికి ఇలాగే దిష్టి తీస్తారు అని. మేము వదిలొచ్చిన ఆ తెలుగు పల్లెలో బంతే లేదు. రిఫరీ బంతిని వేలితో గీకి, వాసన చూసి, నాలిక మీద కూడా పెట్టుకుని, సరే కానీయమన్నాడు. నా పక్కన కూర్చున్న నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దిష్టికి సున్నం గాని సుద్దేటే? ముసిలోడు ఏటో దాస్తన్నాడు." ఆవిడ అనుమానం నిజమే. సున్నం రాలితే మావయ్య కళ్లు మండుతాయి.

ఆట సాగేకొద్దీ మావయ్య నీలం జెర్సీ మీద తెల్లటి గుండ్రాలు పడసాగాయి. గుండెకు హత్తుకున్న ప్రతి బంతీ ఒక ముద్ర వేసి పోయింది. అమ్ముడుపోయాడని అరిచిన పిల్లలు అరవడం మానేసి ఆ ముద్రలు చూస్తూ నిలబడ్డారు. చివరికి సుద్దంతా రాలిపోయి బంతి మళ్లీ ఎర్రబడ్డాక ఒక గోలు పడింది. కప్పు మిల్లు వాళ్లు పట్టుకుపోయారు. మావయ్య అదే జెర్సీతో, ఒళ్లంతా తెల్ల ముద్రలతో కాలనీ మధ్య నుంచి సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాడు. మర్నాడు కుళాయి దగ్గర ఆయన పెళ్లాం బిందెకు ముందు చోటిచ్చారు. తప్పైందని మాత్రం ఎవరూ అనలేదు. మా కాలనీకి ఆ అలవాటు లేదు.

మావయ్య మాట నిలబెట్టుకున్నాడు. స్టోరులో కళ్లజోడు పెట్టుకునే రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయనా లేడు, తాతయ్యా లేడు. చెప్పినా ఎవరి ఉద్యోగమూ పోదు.

ఆ జట్టు ఈ మధ్య జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే క్లబ్బయింది. దాని చరిత్ర రాస్తామని ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు నేనుండే స్మృతి నగర్ ఇంటికి వచ్చారు. ప్రతి సీజన్ మొదటి ఆటకు ముందు బంతికి తెల్ల బొట్టు పెడతారట, నజర్ తగలకుండా పెద్దలు పెట్టిన ఆచారమట. ఫోనులో ఫోటో చూపించారు. మెరిసే బంతి మీద వేలి కొనంత బొట్టు.

నాకు ఇప్పటికీ అనుమానం ఎక్కువే. ఆచారం అని ఎవరన్నా చెబితే దాని వెనక ఎవరిని దాచారా అని చూస్తాను. మనిషి చెడ్డవాడని ఎవరన్నా అంటే, కుళాయి దగ్గర ఆగకుండా ఆ సందు చివరిదాకా పోయి చూసి వస్తాను. తాతయ్య సైకిలు కడ్డీ మీద అంటిన అలవాటు అది.

కుర్రాళ్లకు చాయ్ ఇచ్చి ఇదంతా చెప్పాను. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట కూడా అన్నాను.

"బొట్టెడు సుద్ద ఎవుడికి కనపడతాదిరా? బంతంతా పూయండి."