చప్పుడంటే భయపడే పిల్లవాడు

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో మా కాలేజీ మూతబడ్డ ఏడాది, అరవై తొమ్మిదిలో, నాకు పంతొమ్మిదేళ్లు. నేను ఇంట్లో ఊరికే కూర్చోవడం చూడలేక మా నాన్న, "పాస్టరమ్మ దగ్గరికి పో బిడ్డా. పిల్లల్ని జూస్కునేటందుకు మనిషి గావాల్నట" అన్నాడు. కొత్తపేటలో మా చర్చి పక్కనున్న రేకుల గదిలో ఆమె చిన్నపిల్లల బడి నడిపేది. అందరూ అయిదేళ్ల లోపు వాళ్లే.

వాళ్లలో ఒకడికి నాలుగేళ్లు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్న ఒక గుమాస్తా కొడుకు. వాడికి చప్పుడంటే ప్రాణభయం. గిన్నె జారిపడినా, రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా బల్ల కిందికి దూరేవాడు. లాగు తడుపుకొని అక్కడే ముడుచుకొని ఉండేవాడు. తక్కిన పిల్లలు నవ్వేవాళ్లు.

"వాళ్ల నాన్నగారు కొట్టి కూడా చూశారండీ. వీడింతే, పిరికిగొడ్డు" అంది వాళ్లమ్మ, వాడి ముందే.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. వాణ్ణి మార్చి చూపించాలనుకున్నాను. మొదట కొన్నాళ్లు వాడితో పాటు నేనూ బల్ల కింద కూర్చున్నాను. తర్వాత ఒక సత్తు పళ్లెం, గరిటె వాడి చేతికిచ్చాను.

"నువ్వు కొట్టు. నేను భయపడ్త."

వాడు మెల్లగా తాకించాడు. నేను అమ్మో అని వెనక్కి పడ్డాను. వాడు మళ్లీ కొట్టాడు, ఈసారి గట్టిగా. నవ్వాడు కూడా. ఇంకొన్నాళ్లకు చెయ్యి పట్టుకొని రోడ్డు పక్కకు తీసుకెళ్లి లారీలు చూపించాను. "సప్పుడే గదా, మనల్నేం జేస్తది?" అన్నాను.

వాడు ఆ మాట పట్టుకున్నాడు. ఉరుమొచ్చినా అదే అనేవాడట. మా యాస వాడి నోట వినడం వాళ్లమ్మకు నచ్చలేదు. అయినా నిద్రలో ఉలిక్కిపడటం మానేశాడని ఊరుకుంది. నేను మాత్రం పాస్టరమ్మ దగ్గర ఒకటికి రెండుసార్లు గొప్ప చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం వాళ్ల వీధిలోకి ఊరేగింపు వచ్చింది. నినాదాలు వినగానే వాళ్లమ్మ తలుపులు వేయబోయింది. అంతలోనే వాడు వంటింట్లోంచి పళ్లెం, గరిటె తీసుకొని అరుగు మీదికి పరుగెత్తాడు. నినాదాలకు తగ్గట్టు పళ్లెం కొడుతూ నిలబడ్డాడు. ఎవరో వేసిన రాయి ఎడమ కంటికి తగిలింది.

ఆ ఊరేగింపులో నేను లేను. జ్వరం రాకపోయుంటే ఉండేదాన్నే.

మూడో రోజు దవాఖానకు వెళ్లాను. కన్ను పోయిందని అప్పటికే చెప్పేశారు. వాడు నిద్రపోతున్నాడు. వాళ్లమ్మ నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇదివరకటి వాడైతే మంచం కిందికి దూరేవాడమ్మా" అంది. "మీరే ధైర్యం నేర్పారు."

"అక్కా, నేను..." అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లాయన, "మీ వాళ్లే కదా కొట్టింది. ఇంకెందుకొచ్చారు?" అన్నాడు. మా వాళ్లు కాదని అనలేకపోయాను.

"నీ తప్పేమున్నది బిడ్డా" అంది పాస్టరమ్మ. ఆమె మంచిది, అందుకే అలా అంది. పిల్లవాడి భయం పోగొట్టాలని ఆత్రపడ్డాను గానీ, ఏ చప్పుడుకు పారిపోవాలో వాడికి చెప్పలేదు. ఆ సంగతి నాకే తెలియదు. ఆ నినాదాలు నాకు పాటలాగే వినిపించేవి.

నెల తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వైపు వెళ్లిపోయారు. నేను మళ్లీ ఆ రేకుల గదికి పోలేదు.

కాలేజీ తెరిచాక తెలిసింది, ఆ రోజు ఊరేగింపులో నా క్లాసువాళ్లు ముగ్గురు ఉన్నారని. వాళ్ల పక్కనే కూర్చొని ఆ చదువు పూర్తి చేశాను. రాయి ఎవరు వేశారని ఒక్కసారి కూడా అడగలేదు, చెప్పేస్తారేమోనని.