బండి ఎక్కడానికి ఒక రాయి

ఇంట్లో ఉన్న పెద్దక్షరాల బైబిలు మీద అరచెయ్యి ఆనించి చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నేను ఒట్టు పెడుతుంటే పక్క గదిలో మా ఆవిడ దగ్గింది. ఆమెకు జలుబు లేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమెను వారానికి రెండుసార్లు కర్నూలు తీసుకుపోయి కాలికి వ్యాయామం చేయించాల్సి వచ్చింది. మానేస్తే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. బస్సు మెట్టు ఆమెకు ఎత్తు. మిగిలింది నా పాత కార్బురేటర్ మోటారుసైకిలు.

సరిగ్గా అప్పుడే దానికి రోగం పట్టింది. పరుగెత్తినంతసేపు బాగానే ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలితే మాత్రం స్లోలో నిలబడదు. నాలుగుసార్లు ఎగశ్వాస తీసి, నల్లటి పొగ కక్కి ఆగిపోతుంది. గొర్రెల మంద అడ్డొచ్చినా అంతే, స్పీడు బ్రేకరొచ్చినా అంతే. ఆమె కూర్చుని ఉండగా కిక్కు కొడితే ఆ కుదుపు మోకాలికి తగిలేది. అందుకని ప్రతిసారీ దింపాలి. మళ్లీ ఎక్కాలంటే ఆమె కాలు పెట్టడానికి జానెడెత్తు రాయి కావాలి. దారిలో ఓర్వకల్లు దగ్గర రాళ్లకు కరువా అంటారేమో. కరువే. కొండంతవి ఉన్నాయి, జానెడెత్తువి లేవు. ఒకసారి ఆ బండల మధ్య ఇంజను ఆగిపోయాక కూడా దాని చప్పుడు పది నిమిషాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నడుస్తోందనుకుని నేను గేరు కూడా వేశాను.

“ఇంకో రాయి చూడయ్యా, ఇది నా నడుమంత ఉండాది,” అనేది ఆమె, నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి.

మూడు వారాలు బండితో కుస్తీ పట్టాను. ప్లగ్గు తీస్తే కాటుక పూసినట్టుండేది. తుడిచాను, కొత్తది వేశాను. కార్బురేటర్‌లో స్లో జెట్టు విప్పి ఊది, సన్నటి రాగితీగతో పొడిచాను. ఎయిర్ స్క్రూ అరచుట్టు అటు, అరచుట్టు ఇటు తిప్పాను.

“నా మోకాలికి డాక్టరు చేసినదానికన్నా నువ్వు దీనికి శానా ఆపరేషన్లు చేస్తివి,” అంది ఆమె.

నాలుగో వారం, “కర్నూలొద్దులే, ఇంట్లోనే కాలు ఆడించుకుంటా,” అనేసింది. దిగి ఎక్కే బాధకు ఓర్చుకోలేక అన్న మాట అది. నాకు భయమేసింది. ఆ పూటే బండిని తోసుకుంటూ ఓర్వకల్లు మెకానిక్కు దగ్గరికి పోయాను.

అతను కార్బురేటర్ ముట్టుకోలేదు. పొగ వాసన చూసి సీటు కింద పక్కనుండే డూము మూత విప్పాడు.

“ఏమప్పా, కార్బురేటర్‌ను ఎందుకు సతాయిస్తాండావు? దీనికి ఊపిరే ఆడ్తాలేదు.”

ఎయిర్ ఫిల్టరు గాలి పీల్చే మూతికి నాలుగు మడతల చీరగుడ్డ, దాని మీద గట్టి ముడి. దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుంది. గాలి చాలక, పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. గుడ్డ తీసి, నేను తిప్పిన స్క్రూలన్నీ సరిచేశాక, బండి మంచమెక్కిన ముసలాయన గురకలా నిదానంగా, ఆగకుండా నడిచింది.

ఇంటికొచ్చి గుడ్డ చూపిస్తే మా ఆవిడ తల వంచుకుంది. “దుమ్ములో పోయేటప్పుడు నువ్వు మూతికి టవలు కట్టుకుంటావు గదా. దానికి వద్దా, పాపం?”

ఇక ఒప్పుకోవాలి. బండల దగ్గర చప్పుడు సంగతి కాదు, అది నిజం. నేను కల్పించింది ఈ చివరి ముక్క. గుడ్డ కట్టింది నేనే. ఎండాకాలం దుమ్ము చూసి, ఇప్పుడు ఆమె నోట పెట్టిన ఆ టవలు మాట అప్పుడు నేనే బండితో అంటూ కట్టి, మరిచిపోయాను. మెకానిక్కు చేతిలో చూశాకే గుర్తొచ్చింది. మూడు వారాలు ఆమెను రోడ్డు మీద దింపింది నా ముడే. ఆమె కట్టిందంటే కథ ముద్దుగా ఉంటుందని అటు నెట్టాను.

రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. మంచం అంచున కూర్చుని కాలు చాపుతూ, మడుస్తూ విన్నది.

“పదకొండు… నేనే కట్టినట్టు ఉండనీలేయ్యా, నువ్వని తెలిస్తే నవ్వుతారు… పన్నెండు.”